వన్స్ మోర్ లేని ఆట

రేపల్లె నుంచి పొద్దున్నే తెనాలికి బయల్దేరే పాసింజరులో ఇంజను పక్క పెట్టె పాత సినిమా పిచ్చివాళ్ళదని ఆ లైనులో అందరికీ తెలుసు. తెలియక ఎక్కినవాళ్ళకి భట్టిప్రోలు వచ్చేలోపు తెలిసిపోయేది. సీజను టిక్కెట్ల మీద తిరిగే మేస్టర్లూ గుమస్తాలూ అందులో కూర్చుని, ఏ సినిమాలో ఏ పద్యం ఎవరు పాడారో, ఎక్కడ రాగం మార్చారో గొంతులు పోయేలా వాదించుకునేవారు. ఎవరైనా అమాయకుడు మొన్న విడుదలైన సినిమా గురించి మాట్లాడబోతే ఆ మనిషికి తెనాలి దాకా నిలబడే యోగం పట్టేది. ఈ పెట్టెకే వాళ్ళు పాత సినిమా ప్రేక్షకుల సంఘం అని పేరు పెట్టుకున్నారు. సంఘానికి గదీ లేదు, బోర్డూ లేదు. రైలు లేటయితే మీటింగు కాస్త ఎక్కువసేపు జరిగేది, అంతే.

అధ్యక్షుడు సీతారామాంజనేయులు జంపని చక్కెర ఫ్యాక్టరీలో గుమస్తా. జంపనిలో దిగవలసిన మనిషి వాదన తెగక తెనాలి దాకా పోయి, అక్కణ్ణించి బస్సులో వెనక్కి రావడం ఫ్యాక్టరీలో అందరికీ అలవాటైపోయింది. కార్యదర్శి యేసుదాసు తెనాలిలో ఒక హైస్కూల్లో తెలుగు మేస్టరు. ఆయన తండ్రి అంద్రెయ అడవులదీవి మిషను బడిలో పంతులుగా చేసి పోయాడు. యేసుదాసు ఆదివారం గుళ్ళో కీర్తనలు పాడిన గొంతుతోనే మిగతా రోజులు సినిమా పద్యాలు పాడేవాడు. దీనికి దేవుడు అభ్యంతరం చెప్పిన దాఖలా లేదు కాబట్టి గుడి పెద్దలు కూడా ఊరుకున్నారు.

ఎనభై ఆరులో ఈ పెట్టెలో నిప్పు రాజుకుంది. 'వేణుమతీ పరిణయం' అనే పాత జానపద చిత్రాన్ని కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేస్తున్నామని పోస్టర్లు పడ్డాయి. ఊరూరా మార్నింగ్ షోలు వేశారు. సంఘమంతా పండగ్గా వెళ్ళింది. విశ్రాంతికి ముందు, కోటలో బందీగా ఉన్న వేణుమతి కిటికీలోంచి నది అవతలి ఒడ్డున వెలిగే దీపాన్ని చూసి పద్యం ఎత్తుకోవాలి. 'ఏటికవతలి దీపమా' అని మొదలవుతుంది. బొమ్మ అదే, కిటికీ అదే, దీపమూ అదే. గొంతు మాత్రం వేరే అమ్మాయిది. నున్నగా, తడబాటు లేకుండా, రేడియోలో ప్రకటన చదివినట్టు పాడేసి ఊరుకుంది. పాత గొంతు చివరి 'దీపమా' దగ్గర చిన్నగా విరిగి, ఇక అయిపోయిందనుకునే సమయానికి పైకి లేచేది. ఆ విరుపు కోసమే వెళ్ళిన యేసుదాసు హాల్లోంచి ఎవరో జేబు కొట్టేసినట్టు బయటికి వచ్చాడు.

అప్పటినుంచీ పెట్టెలో ఇంకో మాట లేదు. పాత గొంతుని కంపెనీవాళ్ళు కావాలనే తీసిపారేశారని, కొత్త పిల్లకి పేరు తేవడానికే ఈ పని చేశారని తీర్మానించారు. తిట్లు జోరుగా సాగుతున్న ఒక పొద్దున ఆడవాళ్ళ వైపు నుంచి అబీదా టీచరు లేచి వచ్చింది. యేసుదాసు బడిలోనే లెక్కలు చెబుతుంది. ఎవరి గొడవలోకీ రాని మనిషి ఇలా నడిచి వచ్చేసరికి మగాళ్ళు నోళ్ళు కట్టేసుకున్నారు.

అబీదా అత్తగారు మున్నీసా పడుచుతనంలో నాటకాల్లో పాడేదట. భర్త అబ్దుల్ వహాబ్ హార్మోనిస్టు. వేణుమతి పద్యం తానే పాడానని ఇంట్లో పని చేసుకుంటూ చెప్పేది, పాడుకునేది. రేపల్లెలో ఈ సినిమా పడగానే అబీదా సంబరపడి వీధిలోవాళ్ళందరికీ చెప్పి, ఆడవాళ్ళని వెంటబెట్టుకుని అత్తగారిని హాలుకి తీసుకుపోయింది. పద్యం వచ్చింది. ముసలావిడ అయోమయంగా ఇది నేను కాదు అని గొణిగింది. దారిలో కొందరు నవ్వారు. ఒకావిడ జాలిపడి, పెద్దతనంలో ఇలాంటివి అనిపిస్తాయిలే అంది. నవ్వినవాళ్ళ కంటే ఆ జాలి పడ్డావిడే ఎక్కువ గాయం చేసింది. ఆ రోజు నుంచి మున్నీసా ఇంట్లో కూనిరాగం కూడా తియ్యలేదు. మనవలు జోల అడిగితే గొంతు బాగాలేదంటోంది.

"మా అత్తగారు అబద్ధం చెప్పే మనిషి కాదండి మాస్టారూ," అంది అబీదా. "కానీ ఆ రోజు నేను కూడా ఆవిడ మొహం వైపు చూడలేకపోయాను. ఎక్కడన్నా పాతది దొరికితే వేయించండి. మీకు పుణ్యం ఉంటుంది."

యేసుదాసు ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాడు. మున్నీసా వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఒక్కసారి పాడి వినిపించమని అడిగాడు. ఆవిడ తల ఎత్తకుండా, పరీక్ష పెట్టడానికి వచ్చారా అంది. యేసుదాసుకి మొహం చెల్లలేదు. నిజానికి వచ్చింది అందుకే. కాయలు ఒలుస్తూనే ఆవిడే మాట్లాడింది.

"తెర మీద నా పేరు వేస్తామంటే మా ఆయన వద్దన్నారు బాబూ. చుట్టాలు ఏమంటారోనని నేనూ సరేనన్నాను. తెనాలిలో మొదటి రోజు ఆటకి బురఖా వేసుకుని ఆడవాళ్ళ బెంచీల్లో కూర్చున్నాను. పద్యం అయ్యేసరికి హాలంతా వన్స్ మోర్ అని లేచింది. రీలు వెనక్కి తిప్పి మళ్ళీ వేశారు. మళ్ళీ అన్నారు. నా పక్కనున్నావిడ కూడా అరిచింది, నేనెవరో తెలీక. ఆ వన్స్ మోరే నా పేరనుకున్నాను. ఇన్నాళ్ళూ అదే చాలనుకున్నాను."

ఇంటికి నడుస్తూ యేసుదాసు ఆవిడ మాటని నమ్మాడు, నాలుగడుగులు వేసి అనుమానపడ్డాడు, మళ్ళీ నమ్మాడు. అసలు సినిమా దొరికి, అందులో గొంతు ఈవిడది కాదని తేలితే ఆ ముసలిప్రాణం ఏమవుతుందో అన్న భయం కూడా పట్టుకుంది. అయినా వెతక్కుండా ఉండడం ఇంకా పెద్ద పాపమనిపించింది.

ఉద్యమం మొదలైంది. 'మా వేణుమతి గొంతు మాకు ఇవ్వండి' అని అట్టల మీద రాసి తెనాలిలో హాలు ముందు నిలబడ్డారు. దారినపోయేవాళ్ళు ఎవరో ఆడపిల్లకి ఆపరేషను అనుకుని చందా వెయ్యబోయారు. కానిస్టేబులు బాలస్వామి వచ్చి, అమ్మాయి తల్లిదండ్రులు ఏరని అడిగాడు. విషయం తెలిశాక తన చిన్నప్పుడు చూసిన సినిమాలో గుర్రప్పందెం కూడా ఉండాలని, దాన్నీ అట్ట మీద రాయమని చెప్పి పోయాడు. పెనుమూడి రేవులో పడవ కోసం ఆగినవాళ్ళ చేత, బాపట్ల బస్టాండులో బస్సు కోసం ఆగినవాళ్ళ చేత సంతకాలు పెట్టించారు. ఆదివారం ఆరాధన కాగానే యేసుదాసు కాగితాలు తీస్తే పాస్టరుగారు కూడా సంతకం చేసి, తన పేరు మాత్రం మధ్యలో ఎక్కడో ఉంచమని బతిమాలాడు.

చివరికి విజయవాడలో సినిమా పంపిణీదారు ఆఫీసు నుంచి రమ్మని కబురొచ్చింది. సంఘం తెల్లబట్టలు వేసుకుని వెళ్ళింది. సీతారామాంజనేయులు దారి పొడుగునా ఉపన్యాసం తయారుచేసుకున్నాడు. మేనేజరు అంతా విన్నాడు. లోపలికి వెళ్ళి తుప్పుపట్టిన డబ్బా తెచ్చి మూత తీశాడు. అందులో ఫిల్ము చుట్ట ముక్కలు ముక్కలుగా, అతుకుల మీద అతుకులతో ఉంది. మద్రాసులో నెగెటివు ఎప్పుడో చెడిపోయిందట. ఊళ్ళ నుంచి తిరిగొచ్చిన ప్రింట్లే దిక్కు. అన్ని ప్రింట్లలోనూ మిగతా రీళ్ళు బాగున్నాయి, ఈ ఒక్క రీలే ఇలా వచ్చిందట.

"ఇది మీ వైపు తిరిగిన ప్రింటేనండి," అన్నాడు మేనేజరు. "వన్స్ మోర్ అన్నప్పుడల్లా రీలు వెనక్కి తిప్పి వేశారు. తిప్పినప్పుడల్లా చిరిగింది. చిరిగినచోట కత్తిరించి అతికించారు. ఇందులో పద్యం ఎక్కడుందో మీరే చూడండి. అన్ని ప్రింట్ల ముక్కలూ ఏరి బొమ్మయితే కూర్చాం, గొంతు మాత్రం అతకలేదు, అందుకే కొత్తమ్మాయి చేత పాడించాం. మేం తీసెయ్యలేదు సార్. మీరే అరగదీశారు."

సీతారామాంజనేయులు ఉపన్యాసం గొంతులోనే ఉండిపోయింది. అందరూ తిరుగు రైలెక్కారు. ఒక పక్క తలవంపులు, ఇంకో పక్క చెప్పుకోలేని గర్వం. పద్యాన్ని ప్రేమించి ప్రేమించి పీలికలు చేసింది మనమేనన్నమాట అని ఎవరో అన్నారు. యేసుదాసు మాత్రం ఆ మాటని పట్టుకుని ఆలోచిస్తున్నాడు. వన్స్ మోర్ అన్నచోటల్లా రీలు చిరిగితే, వన్స్ మోర్ ఇవ్వని చోట చిరిగి ఉండకూడదు. అలాంటి చోటు ఎక్కడుంది? వేమూరు దాటాక ఆయన ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

ఉంది. అడవులదీవిలో. చిన్నప్పుడు అక్కడికి బాపట్ల రంగనాయకులు టూరింగ్ టాకీసు వచ్చేది. ఆయనంత పిసినారి ఆ తీరంలో లేడని ప్రతీతి. యేసుదాసు 'వేణుమతీ పరిణయం' చూసింది ఆ డేరాలోనే, ఇసకలో కూర్చుని. పద్యం కాగానే డేరా డేరా అంతా వన్స్ మోర్ అని హోరెత్తింది. రంగనాయకులు టార్చి లైటు పుచ్చుకుని తెర ముందుకొచ్చి, మిషను దీపంలో కాలే కార్బన్లు మీ తాత తెచ్చిచ్చాడా అని కసిరి, ఆట ముందుకి నడిపించేశాడు. పెద్దవాళ్ళు తిట్టారు, పిల్లలు ఏడ్చారు. ఏడ్చినవాళ్ళలో యేసుదాసు ఒకడు. అద్దెలు దండగని ఆయన ఆ ప్రింటుని ఏకంగా కొనేసుకున్నాడని కూడా అప్పట్లో నవ్వుకునేవారు. ఉప్పెనలో డేరా పోయింది. మనిషి బాపట్లలో ఉన్నాడని వినికిడి.

రెండో శనివారం యేసుదాసూ సీతారామాంజనేయులూ బాపట్ల వెళ్ళారు. రంగనాయకులు బాగా పెద్దవాడైపోయాడు, చేతికర్ర సాయంతో నడుస్తున్నాడు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇప్పించాడు, కాఫీ మాట ఎత్తలేదు. సీతారామాంజనేయులు యేసుదాసు వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు. అడవులదీవి పేరు వినగానే ముసలాయన కళ్ళు చికిలించాడు.

"ఆ ఊళ్ళో నా డేరా మీద ఇసక పోశారు. నువ్వేనా?"

"ఇసక నేను పొయ్యలేదు బాబాయ్ గారూ. తిట్టిన మాట నిజం," అన్నాడు యేసుదాసు. "ఆ తిట్టినందుకే దణ్ణం పెట్టుకుందామని వచ్చాం. తెనాలిలో, గుంటూరులో, అన్నిచోట్లా పద్యం అరిగిపోయింది. మీరు కాదన్నారు కాబట్టి మీ దగ్గర బతికుంటుంది. మీరు చేసిన మేలు మాకు ఇన్నేళ్ళకి తెలిసింది."

సినిమా వ్యాపారంలో రంగనాయకులుకి శాపనార్థాలు తప్ప ఇంకేదీ అందినట్టు లేదు. కర్ర పట్టుకుని లేచి, లోపలి గదిలో మంచం కింద నుంచి డబ్బాలు లాగించాడు. మూత తీస్తే పుల్లటి వాసన కొట్టింది. ఫిల్ము కాస్త ముడుచుకుంది కానీ అతుకు లేదు.

"కార్బన్లు దండగని వెయ్యలేదన్నది నిజమే," అన్నాడాయన నెమ్మదిగా. "అదొక్కటే కాదు. నాకు మాత్రం మళ్ళీ వినాలని ఉండదా? ప్రతి ఊళ్ళోనూ ఉండేది. ఇక్కడ రెండుసార్లు వేస్తే ఇంకో ఊరికి మిగలదని నోరు కట్టేసుకున్నాను."

డబ్బాలు ఇస్తానన్నాడు, ఒక్క షరతు మీద. తానూ హాల్లో కూర్చుంటాడు. ఈ ప్రింటు ఒక్క ఆట మించి తట్టుకోదు. హాల్లో ఒక్క మనిషి వన్స్ మోర్ అన్నా అక్కడే ఆపించి డబ్బాలతో బాపట్ల వచ్చేస్తాడు. ఇద్దరూ తలలూపి, చేతిలో చెయ్యి వేసి మాటిచ్చారు.

తెనాలి జనం నోరు మూయించడం సామాన్యమైన పని కాదు. నాటకాల రోజుల నుంచీ పద్యం బాగుంటే మళ్ళీ పాడించుకోవడం తమ హక్కని నమ్మినవాళ్ళు. హాలు యజమాని ఒక శనివారం పొద్దుటాట ఇచ్చాడు. సంఘంవాళ్ళు గేటు దగ్గర నిలబడి లోపలికి వెళ్ళే ప్రతి మనిషికీ విషయం చెప్పి ఒట్టు వేయించారు. కానిస్టేబులు బాలస్వామి కూడా టోపీ తీసి ఒట్టేశాడు. యేసుదాసు ఒకటికి రెండుసార్లు అందర్నీ చూసుకున్నాడు. ఆ హడావుడిలో ఒకే ఒక్కరికి చెప్పడం మరిచిపోయాడు. అబీదా తన అత్తగారిని వెనక గుమ్మంలోంచి తీసుకొచ్చి ఆడవాళ్ళ వైపు కూర్చోబెట్టింది. రేపల్లె వీధి ఆడవాళ్ళు కూడా వచ్చి ఆ వరసలోనే కూర్చున్నారు. ఆ రోజు జాలి పడ్డావిడ కూడా ఉంది.

దీపాలార్పారు. బొమ్మ మీద గీతలు వానలా కురుస్తున్నాయి, అయినా ఎవరూ కిక్కురుమనలేదు. గుర్రప్పందెం వచ్చినప్పుడు బాలస్వామి ఒక్కడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. తరవాత కోట, కిటికీ, దీపం. పద్యం ఎత్తుకుంది ఆ గొంతు. ఇసకలో కూర్చుని ఏడ్చిన రోజు నుంచీ చెవిలో దాచుకున్న గొంతు. చివరి 'దీపమా' దగ్గర విరిగింది. గొంతు లేచింది.

ఆడవాళ్ళ వైపు ఎవరో గట్టిగా వెక్కారు. అబీదా. తన పిల్లలకి జోల పాడేటప్పుడు అత్తగారి గొంతు సరిగ్గా అలాగే విరిగి లేచేది. ఇన్నేళ్ళూ వంటింట్లోంచి వింటూ కూడా ఆ రోజు ఆవిడ మొహం చూడలేకపోయింది. అత్తగారి చెయ్యి తీసుకుని కళ్ళకి అద్దుకుంది. జాలి పడ్డావిడ తల వంచుకుంది. తెర వెలుగులో అది చూశాక యేసుదాసుకి ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది. మనసులో ప్రార్థనలాంటిదొకటి చెప్పుకున్నాడు.

పద్యం ముగిసి విశ్రాంతి పడింది. దీపాలు వెలిగాయి. హాలంతా మాట మీద నిలబడింది. పెదవులు కొరుక్కుంటున్నవాళ్ళు, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నవాళ్ళు, కళ్ళు తుడుచుకుంటున్నవాళ్ళు. ఒక్క గొంతు లేవలేదు. యేసుదాసు వాళ్ళని చూసి పొంగిపోతూ వెనక్కి తిరిగాడు.

మున్నీసా లేచి నిలబడింది. బురఖా సర్దుకుని గుమ్మం వైపు నడుస్తోంది. అబీదా వెంటపడి ఏంటత్తయ్యా, ఏమైందని అడుగుతోంది. ముసలావిడ మొహం యేసుదాసుకి కనబడింది. అప్పుడు వెలిగింది తాను చేసిన పొరపాటు. ఆవిడ తన పేరు పిలుస్తారేమోనని వచ్చింది. హాలు హాలంతా ఆ పేరు పలక్కుండా ఒట్టేసుకుని కూర్చుంది.

కుర్చీల మధ్యలోంచి తోసుకుంటూ గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు. రెండు చేతులూ జోడించాడు.

"వెళ్ళకండమ్మా. వీళ్ళకి నచ్చక ఊరుకోలేదు. అప్పట్లో వన్స్ మోర్ అని అని అన్ని ఊళ్ళలోనూ మీ గొంతుని అరగదీసేశాం. ఇదొక్కటే మిగిలింది. ఇంకోసారి వేస్తే ఇదీ పోతుంది. అందుకని ఒట్టేసుకుని నోళ్ళు కట్టుకున్నామమ్మా. చూడండి, ఒక్కసారి వాళ్ళ మొహాలు చూడండి."

మున్నీసా వెనక్కి తిరిగింది. అప్పటికి సంగతి హాలంతా పాకింది. ఆ పద్యం పాడిన మనిషి ఈవిడేనని వరస నుంచి వరసకి చెప్పుకుంటూ ఒక్కొక్కళ్ళే లేచి నిలబడ్డారు. చప్పట్లు కూడా కొట్టలేదు పాపం, అదీ షరతుకి విరుద్ధమేమోనని. చేతులు జోడించి ఊరికే నిలబడ్డారు. ఆవిడ అటునుంచి ఇటు ఆ మొహాలన్నీ చూసింది.

"అరిగిపోయిందా?" అంది. పెదవుల మీద చిన్న నవ్వు. "అంతసార్లు అడిగారా?"

"అడిగామమ్మా."

ఆవిడ ముసుగు వెనక్కి తీసుకుంది. "రీలు తట్టుకోలేదు సరే," అంది, "నేను తట్టుకుంటాను."

అక్కడే, గుమ్మం పక్కన గోడని ఆనుకుని ఎత్తుకుంది. గొంతు ముసలిదైపోయింది, శ్రుతి కిందికి దిగింది, ఊపిరి మధ్యలో ఆగి మళ్ళీ అందుకుంది. వినేవాళ్ళు కూడా ఆవిడతోపాటు ఆగారు, ఆవిడతోపాటు అందుకున్నారు. చివరికి 'దీపమా' దగ్గర విరిగింది. లేస్తుందో లేదో తెలియదు. లేచింది.

హాలు ఒట్టు మీదే ఉంది. అంతమందీ రంగనాయకులు వైపు చూశారు. ముందు వరసలో కూర్చున్న ముసలాయన చేతికర్ర మీద బరువానించి, మోకాళ్ళు సహకరించకపోయినా పట్టుబట్టి లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"వన్స్ మోర్," అన్నాడు రంగనాయకులు.

మున్నీసా కోడలి చేతిలోంచి మంచినీళ్ళ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది. మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంది.